నొప్పి మాత్ర ఆపిన కబురు

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో మా వరస ఆడాళ్లకి ఒక అలవాటుండేది. టీ వచ్చిందంటే, టీతోపాటు ఒక నొప్పి మాత్ర. పొద్దుట్నుంచీ నేలమీద కూర్చుని పప్పు మీద పొట్టు గీకుతుంటే నడుం మాత్రం ఎంతకని ఆగుతుంది? ఎవరి కొంగు ముడి విప్పినా ఒక మాత్రల అట్ట. "ఒలే, నడుం పట్టేసిందే, ఒక బిళ్ల ఇయ్యే" అంటే పక్కది తాంబూలం ఇచ్చినంత మర్యాదగా ఇచ్చేది. దాన్ని మందని ఎవరూ అనుకోలేదు. మందంటే డాక్టరు రాసింది. ఇది టీలో పంచదార లాంటిది. ఉద్దానం వాళ్లం, కిడ్నీ జబ్బు భయానికి ఊరి నీళ్లు తాగం, క్యాన్ నీళ్లు కొనుక్కుంటాం. ఆ క్యాన్ నీళ్లతోనే మాత్ర మింగేవాళ్లం!

పెళ్లై ఏళ్లు గడిచినా నాకు కడుపు రాలేదు. మా అత్త కారణం కనిపెట్టేసింది. గర్భసంచికి కొవ్వు పట్టేసిందట. ఏ స్కానింగులో చూసిందో మరి. నా కూరలో నూనె మానేసింది. కవిటి కొబ్బరి తోటల్లో పుట్టినదాన్ని, కొబ్బరి ముక్క నోట్లో పెడితే చాలు, "సూడు, మళ్లీ కొవ్వే తింతంది" అనేది.

"అత్తా, కొవ్వు పట్టింది గర్భసంచికి కాదు, నా నోటికి."

"అదీ నిజవే" అని మాత్రం ఒప్పుకుంది.

చివరికి మా ఆయన తన ఆటోలోనే టెక్కలి తీసుకెళ్లాడు. లేడీ డాక్టరు స్కానింగు చేసి, గుడ్డు పెరుగుతోంది గానీ బయటికి రావట్లేదంది. నేను ఏడో తరగతిలో బడి మానేసినదాన్నని చెబితే, కాగితం మీద సున్నా గీసి మరీ చెప్పింది. అండాశయంలో చిన్న నీటి సంచి, అందులో గుడ్డు, చుట్టూ కణాలు. ఆ కణాలు హార్మోను తయారుచెయ్యడానికి ముడిసరుకు కొవ్వేనట. గుడ్డు ఎదిగాక, సంచి పగలాలని కబురు మోసేవీ కొవ్వులోంచి పుట్టిన పదార్థాలేనట. కబురందితే సంచి పగిలి గుడ్డు బయటికొస్తుంది. మిగిలిన కణాలు గర్భాన్ని నిలబెట్టే హార్మోను చెయ్యడానికి దిగుతాయి.

"అయితే మా అత్త పోస్టుమేన్నే పస్తు పెట్టిందండీ" అన్నాను.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "కూరలో నూనె మానినంత మాత్రాన ఇది ఆగదమ్మా. మాత్రలేమైనా వాడుతున్నావా?"

"లేదండీ."

"రోజూ నొప్పి బిళ్ల ఏసుకుంటావు కదే" అన్నాడు మా ఆయన.

"అది మాత్రేటి మావా!"

ఆమె నవ్వు ఆగిపోయింది. నొప్పి పుట్టించేవీ ఆ కబురు మోసే జాతి పదార్థాలేనట. మాత్ర వాటిని తయారవనివ్వదు. నడుమేదో అండాశయమేదో దానికి తెలీదు. "ఇదొక్కటే కారణమని చెప్పలేను. మానేసి చూద్దాం" అని, ఉద్దానం వాళ్లం కాబట్టి కిడ్నీ పరీక్ష కూడా రాసింది. రక్తం తీయించుకోడానికి మేం బద్ధకించాం.

మాత్ర మానేశాను. నడుం విరిగిపోయేది. "ఓలమ్మో, మహారాణి బిళ్లలు ముట్టదంట!" అని వరసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ తర్వాతి స్కానింగులో డాక్టరమ్మ తెర నావైపు తిప్పి, సంచి పగిలిందనీ గుడ్డు బయటికొచ్చిందనీ చూపించింది. నాకు అక్కడ ఏమీ కనపడలేదు. అయినా ఏడ్చాను. కడుపు ఇంకా రానేలేదు, మా అత్త అప్పుడే నీళ్ల బిందె ఎత్తనివ్వలేదు.

ఆ ఊపులో ఆగిపోయిన రక్తపరీక్ష చేయించాం. క్రియాటినిన్ ఎక్కువొచ్చింది. అది పెరిగిందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టేనని మా దగ్గర బడికెళ్లని ముసలమ్మకి కూడా తెలుసు. కిడ్నీ డాక్టరు మళ్లీ పరీక్షలు చేయించి, మాత్రల వల్లో మా ప్రాంతపు జబ్బో చెప్పలేనన్నాడు. ఇప్పుడు గర్భం వస్తే కిడ్నీలు తట్టుకోవనీ, తను చెప్పేదాకా రానివ్వద్దనీ అన్నాడు. "ఎన్నాళ్లండీ?" అంటే, మందుల చీటీ నా చేతిలో పెట్టాడు.

పలాస మందుల షాపుల్లో మా ఆటో ఎరగనివాళ్లు లేరు. అందుకని మా ఆయన ఆ సాయంత్రం సోంపేట దాకా వెళ్లొచ్చాడు. నల్ల కవర్లోంచి కండోమ్ పేకెట్ తీసి మంచం మీద పెట్టి, దాన్నుంచి దూరంగా కూర్చున్నాడు.

"ఏటే, ఏటీ అనవేటి?" అన్నాడు. "ఏదో ఒకటి అను. నవ్వుదాం."

ఆయన మొహం చూశాను. దేనిమీదైనా ఏదో ఒకటి అనగలిగేదాన్ని, ఆ పేకెట్ని మళ్లీ నల్ల కవర్లో పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఏదోటి అంతాన్లే మావా, ఉండు" అన్నాను.