మృగశిర మూడో రోజు పొట్టేలు

నిరుడు ఎండలు ముదిరిన రోజుల్లో, ఉదయగిరిలో మా లైబ్రరీలో జరిగిన సంగతి ఇది. మా ఆయన చనిపోయినప్పటి నుంచి అక్కడ ఊడ్చి, బల్లలు తుడిచి, పొద్దున్నే వచ్చిన పేపర్లు విడదీసి సర్దే పని నాది. చదువంటారా, పెద్దక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే.

ఆ శుక్రవారం దుత్తలూరు పక్క పల్లె నుంచి మాలకొండయ్య మామ వచ్చాడు. గొర్రెల మంద ఉన్న మనిషి. చెవుల దాకా మెలితిరిగిన మీసం. తలపాగా మడతలోంచి మెంబర్ కార్డు తీసి లైబ్రేరియన్ సార్ ముందు పెట్టాడు.

"సారూ, నా పొట్టేలు ఫోటో పేపర్లో పడిండాది. అది వెతికి తీసియ్యాల. లేదంటే ఆదివారానికి నాకు మీసం ఉండదు."

ఆత్మకూరులో పశువుల ప్రదర్శన పెడితే ఆయన పొట్టేలుకు మొదటి బహుమతి వచ్చిందట. మర్నాడు ఫోటో వేశారట. దాచుకున్న పేపరును ఇంట్లో మేక తినేసింది. టీ అంగడిలో ఈ మాట చెబితే సుబ్బయ్య అనే ఆయన నవ్వాడు. మాటా మాటా పెరిగింది. ఆదివారంలోగా ఫోటో చూపకపోతే మామ మీసం తీసెయ్యాలి, చూపిస్తే సుబ్బయ్య తీసెయ్యాలి. అదీ పందెం.

"ముప్పై ఏండ్లు పెంచినానమ్మే దీన్ని," అన్నాడు నాతో, మీసం పట్టుకుని.

"పందెం కాసేటప్పుడు దాన్ని ఒక మాట అడిగినావా మామా?" అన్నాను.

మా దగ్గర మెంబర్లకు కంప్యూటర్‌లో ఈ-పేపర్ చూపిస్తారు. అచ్చులో వచ్చిన పేపరే, తెర మీద అట్లాగే కనబడుతుంది. పాతది కావాలంటే తేదీ నొక్కాలి.

"ఏ తేదీ పెద్దాయనా?" అడిగాడు సార్.

"మృగశిర కార్తె పెట్టిన మూడో దినం పోటీ. ఆ మర్నాడు పేపరు."

"ఏ సంవత్సరం?"

"మా చిన్న మనవరాలు పుట్టిన ఏడు. దానికి మొన్న ఉగాదికి మూడేండ్లు నిండినాయి."

సార్ నెత్తి గోక్కున్నాడు. "కంప్యూటర్‌కు కార్తెలు తెలీవే."

"నాకు తెలుసు సార్, సేద్యం చేసినదాన్ని," అన్నాను. "మృగశిర ఏ ఏడైనా జూన్ ఏడో ఎనిమిదో. మీరు పదీ పదకొండూ చూడండి."

సార్ రెండు రోజుల పేపర్లూ మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా తిప్పాడు. మంత్రులున్నారు, క్రికెట్ ఉంది, పొట్టేలు లేదు. మామ మొహం వాడిపోయింది. "ఆ మేకను ముందే అమ్మేసుండాల్సింది," అన్నాడు.

నేను చీపురు పక్కన పెట్టి తెర వైపు చూశాను. రోజూ పేపర్లు విడదీసే చేతులు నావి. పెద్ద పేపరు విదిలిస్తే మడతలోంచి మన జిల్లా వార్తలుండే చిన్న పేపరు జారిపడుతుంది. తెర మీద అన్నీ పెద్ద పేజీలే.

"సార్, లోపలుండే చిన్న పేపరేదీ?"

సార్ నాలుక కరుచుకున్నాడు. పక్కన జిల్లాల పేర్లు వరుసగా ఉన్నాయి. నెల్లూరు మీద నొక్కాడు. పదో తేదీలో లేదు. పదకొండో తేదీలో, నాలుగో పేజీ కింది మూల, మెడలో బంతిపూల దండతో నిండుగా నిలబడి ఉంది పొట్టేలు. వెనకాల దాన్ని పట్టుకుని వంగిన మామ. కాకపోతే కొమ్ము అడ్డమొచ్చి కళ్లూ ముక్కూ కనబడలేదు. కనబడింది మీసం ఒక్కటే.

"మొహం పడలేదే!" అన్నాడు సార్ కంగారుగా.

"మొహమెందుకు సారూ? ఈ మీసం మా చుట్టుపక్కల ఇంకెవుడికుండాది?"

లైబ్రరీలో చప్పుడు చెయ్యకూడదని బోర్డు పెట్టింది సారే. అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనే. ప్రింట్ తీసి ఇస్తే మామ తలపాగాలో దోపుకున్నాడు. "మేకకు అందనీయబాక," అని చెప్పి పంపాను.

అప్పటినుంచి ఎవరైనా పాత వార్త కోసం వస్తే తేదీ గుర్తులేదని వెనక్కి పంపం. కూర్చోబెట్టి, ఆ రోజు పొలంలో ఏముందో, ఇంట్లో ఎవరు పుట్టారో అడుగుతాను. మనిషిని సరిగ్గా అడిగితేనే కంప్యూటర్‌ను ఏమడగాలో తెలుస్తుందని నాకు నేర్పింది ఆ పొట్టేలే. కంప్యూటర్ పక్కన కార్తెల క్యాలెండర్ కూడా వేలాడదీశాం.

ఆ సోమవారమే మామ మళ్లీ వచ్చాడు, మీసానికి నూనె రాసుకుని. వెంట ఒకాయన, పైపెదవి మీద నున్నగా గీసుకుని.

"ఈయనే సుబ్బయ్య," అన్నాడు మామ. "మెంబర్‌గా చేర్చుకోండి సారూ. ఈయన ఫోటో కూడా ఎప్పుడో పేపర్లో పడినాదంట."