డేటా హమీద్ చెప్పుల దుకాణం

మార్కాపురంలో చెప్పుల దుకాణం నడిపే హమీద్ డేటా లేనిదే దేన్నీ నమ్మడు. వాన పడుతున్నదని ఎవరైనా చెబితే, వీధిలో పోయే పదిమందిలో ఎందరు గొడుగు వేసుకున్నారో లెక్కపెట్టి, ఆ తర్వాతే బయట వేలాడదీసిన చెప్పులు లోపలికి తెమ్మంటాడు. అప్పటికి అవి నీళ్లోడుతూ ఉంటాయి.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. రెండేళ్ల కిందట ఫోన్‌లో మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాడు. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి పిల్లల బూట్ల అర పైన తగిలించాడు. ఆనాటి నుంచి ఆ దుకాణంలో చెప్పులు కొనాలంటే ముందు పరీక్ష పాసవ్వాల్సిందే. పేరు, ఊరు, ఫోన్ నంబరు, పాదం సైజు, రోజుకు ఎంత దూరం నడుస్తారు, ఏ కాలి చెప్పు ముందు అరుగుతుంది. ఇవన్నీ అడిగి కంప్యూటర్లో ఎక్కించే పని ఎలీషబాది. ఎనిమిదేళ్లుగా ఆ కౌంటర్లో పనిచేస్తున్నది కాబట్టి తిట్లు కూడా ఆమెకే పడేవి.

"ఏది ముందు అరుగుతాదో నాకేం తెలుసమ్మా? రెండూ కలిసే గదా పోతాయి," అన్నాడు బేస్తవారిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన.

"రెండూ అని రాయి చెల్లెమ్మా," అన్నాడు హమీద్ వెనక నుంచి. ముఖంలో నవ్వన్నది లేదు.

కొన్న నూట ఇరవయ్యో రోజున ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో మెసేజ్ పోయేది. ఓబులేసు అనే ఖాతాదారుకు ఇలా పోయింది: "ఓబులేసు గారూ, వయసైపోయింది. ఇక విశ్రాంతి అవసరం." 'మీ చెప్పులకు' అన్న మాట టైపు చేయడం హమీద్ మరిచాడు. మర్నాడే ఓబులేసు దుకాణం మీదికొచ్చాడు.

"ఏంది హమీదూ ఇది? మా ఇంటామె చూసి నిన్నటి నుంచి నన్ను మంచం దిగనియ్యడం లేదు. డాక్టరేమన్నా చెప్పినాడా అని ఒకటే ఏడుపు!"

"మెసేజ్ చూసినాక దుకాణానికి వచ్చినావా, లేదా?"

"తిట్టడానికి వచ్చినా!"

"ఎందుకొచ్చినావనేది వేరే కాలమ్. చెల్లెమ్మా, వచ్చినట్టు రాసుకో."

తిట్టి తిట్టి అలసిపోయిన ఓబులేసు పోతూ పోతూ ఒక జత కొనుక్కునే పోయాడు. హమీద్ వారం రోజులు ఆ మెసేజ్‌ను సవరించనివ్వలేదు.

ఇంకోసారి దుకాణం రెండు తలుపులకూ రెండు బోర్డులు పెట్టించాడు. ఒకదాని మీద 'రండి', ఇంకోదాని మీద 'దయచేసి రండి'. పది రోజులు లెక్క చూస్తే అందరూ 'రండి' తలుపులోంచే వచ్చారు.

"చూసినావా? మన జనానికి మర్యాద పనికిరాదు. డేటా చెప్తాంది."

"అన్నా, ఆ రెండో తలుపు కాడ కుక్క పడుకోనుంది. పది దినాల నుంచీ అక్కడే," అంది ఎలీషబా.

హమీద్ వెళ్లి కుక్కను చూసొచ్చాడు. "కుక్కను కూడా రాయి," అన్నాడు.

ఎండాకాలంలో ఎలీషబా భర్త శ్యాంసన్ పలకల ఫ్యాక్టరీలో లోడు ఎత్తుతూ లారీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఒంగోలు ఆస్పత్రిలో పందొమ్మిది రోజులు ఆమె అతని మంచం పక్కనే ఉంది. తిరిగొచ్చేసరికి దుకాణానికి ఎదురుగా అద్దాల తలుపులతో, ఏసీతో పెద్ద షోరూమ్ వెలిసింది. హమీద్ దుకాణంలో జనం పలచబడ్డారు.

అప్పుడు దర్శి నుంచి మొహసిన్ వచ్చాడు. హమీద్‌కు తమ్ముడు, దుకాణంలో సగం వాటాదారు. హమీద్, ఎలీషబా, పనికుర్రాడు నరేష్, ముగ్గురూ కౌంటర్లో నిలబడి ఉండటం చూశాడు.

"ముగ్గురెందుకు భయ్యా? ఇద్దరు చాలు. ఎవురో ఒకరు తగ్గాల."

"డేటా చూసి చెప్దాం," అన్నాడు హమీద్.

"సరే, తీసి పెట్టు. శుక్రవారం నమాజు అయినాక వస్తా."

ఎలీషబా వేళ్ల మీద లెక్క వేసుకుంది. పందొమ్మిది రోజులు ఆమె ఒక్క జత కూడా అమ్మలేదు. శ్యాంసన్ ఇంకా కర్రల సాయంతోనే నడుస్తున్నాడు. డేటాలో సున్నా కనిపిస్తే హమీద్ తన సొంత తల్లినైనా పక్కన పెడతాడని ఆమెకు గట్టి నమ్మకం. శుక్రవారం పొద్దున్నే తన కళ్లజోడు, దువ్వెన, నీళ్ల సీసా సంచిలో సర్దిపెట్టుకుంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక మొహసిన్ రాగానే హమీద్ కంప్యూటర్ తిప్పి చూపించాడు. తెర మీద ముగ్గురి అమ్మకాలకు మూడు గీతలు. ఆకుపచ్చ గీత ఏటవాలుగా పైకి పోతున్నది. ఎర్రది బావిలోకి దూకినట్టుంది.

"ఈ పచ్చగీత ఎవురిది?"

"ఎలీషబాది."

"ఎర్రది?"

"నాది."

ఎలీషబా ముందుకు వంగి చూసింది. తాను ఆస్పత్రిలో ఉన్న పందొమ్మిది రోజుల్లో తన పేరు మీద నలభై ఆరు జతలు అమ్ముడయ్యాయి. నరేష్ ఉన్నట్టుండి దగ్గు ముంచుకొచ్చి బయటికి పరిగెత్తాడు.

మొహసిన్ గీతలకేసీ అన్నకేసీ మార్చి మార్చి చూశాడు. "అంటే, లెక్క ప్రకారం పోవాల్సింది నువ్వే గదా భయ్యా!"

"డేటా ముందర అన్నా లేడు, తమ్ముడూ లేడు. కౌంటర్లో నేను దండగ. సోమవారం నుంచి ఊర్ల మీద పడతా."

అన్నట్టే ఆటోలో చెప్పులు నింపుకుని బయల్దేరాడు. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు మొగుడి పాదం కొలత దారంతో తెచ్చి, అతనికే కొనుక్కుని పోతారని, తమకు కొనుక్కునేవాళ్లు నూటికి పదిమంది కూడా లేరని కంప్యూటర్ చూసి హమీద్ ఎప్పుడో పసిగట్టాడు. అందుకే ఆటో నిండా ఆడవాళ్ల చెప్పులే. బేస్తవారిపేట చుట్టుపక్కల, కురిచేడు దాకా తిరిగాడు. వాకిట్లోకే వచ్చిన చెప్పుల్లో కాలు పెట్టి చూసుకోవడానికి ఎవరికీ మొహమాటం లేకపోయింది. రెండు నెలలు తిరిగేసరికి దుకాణంలోకన్నా ఆటోలో బేరం ఎక్కువైంది. దర్శిలో మొహసిన్ కూడా ఒక ఆటో మాట్లాడుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం హమీద్ ఆటోలోకి సరుకు ఎక్కిస్తుంటే ఎలీషబా ఇక ఆగలేక అడిగేసింది.

"అన్నా, ఆ పందొమ్మిది దినాలు నేను ఒంగోలులో ఉన్నా. నలభై ఆరు జతలు ఎట్ల అమ్మినా?"

హమీద్ తలెత్తలేదు. "ఫోన్‌లో అమ్మినావేమో."

"నా ఫోను అంతకు ముందే పలిగిపోయింది. అవి నువ్వు అమ్మినవే గదా?"

హమీద్ చివరి పెట్టె ఎక్కించి చేతులు దులుపుకున్నాడు. ఎన్నడూ లేనిది అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఊర్లో లేకుండానే నలభై ఆరు అమ్మినదానివి, ఉండి ఎన్ని అమ్మాల? పో చెల్లెమ్మా, లోపల కస్టమరొచ్చినారు."