న్యూట్రల్ కొట్టే చెయ్యి, క్రూజ్ కంట్రోల్ బండి: మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా

ఈ ప్రయాణం సరదాకు మొదలవ్వలేదు. ప్రజ్ఞాపూర్ దాటాక ఉన్న ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి నన్ను బదిలీ చేశారు. మేముండేది కొంపల్లిలో. బస్సులు మారుతూ పోయి వస్తే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడే ఒక గది తీసుకుని శని, ఆదివారాలు మాత్రం ఇంటికి రావడం ఒక దారి. గది చూసి కూడా పెట్టాం. ఉంటానో ఉండనో ఆదివారం సాయంత్రానికి చెప్పెయ్యమంది ఇంటి ఓనరమ్మ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "అయితే రాత్రిళ్లు నువ్వు ఉండవా అమ్మా?" అని ఒక్కసారే అడిగింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే నా ప్రాణం తీసింది.

రెండో దారి మా బాపు కారు. బాపుది శామీర్‌పేట పక్కనే ఒక ఊరు. ఆ మధ్య కాస్త భూమి అమ్మినప్పుడు ముచ్చటపడి పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొన్నాడు. బదిలీ సంగతి చెప్పగానే "నా బండి తీస్కపో బిడ్డా, ఇగ నేనెటు పోతున్న?" అన్నాడు. ఆ వెంటనే, "గని మైలేజీ మీద ఆశ పెట్టుకోకు. అమ్మినోడు లీటరుకు ఇరవై అయిదన్నడు. పదిహేడు దాటుత లేదు. మస్తు తాగుతాంది" అని గాలి తీసేశాడు. పదిహేడు మాత్రమే ఇస్తే రోజూ పోయి రావడం మా ఇంటి ఖర్చుల్లో కుదరదు. ఇరవై దాటితే ఎలాగో కుదురుతుంది. హైబ్రిడ్ కారు పదిహేడేంటి, విడ్డూరం కాకపోతే! నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇలాంటి ప్రశ్న బుర్రలో దూరితే నాకు అన్నం సహించదు. కాలితో తొక్కే పని లేకుండా పెట్టిన వేగాన్ని బండే పట్టుకునే క్రూజ్ కంట్రోల్ అందులో ఉంది. బాపు దాన్ని ఒక్కసారి కూడా ముట్టలేదట. కీలకం అక్కడే ఉందేమోనని నా అనుమానం. శనివారమే బాపు బండేసుకుని మా ఇంటికొచ్చాడు. ఆదివారం ఉదయం టిఫిన్ చేసి, తొమ్మిదిన్నరకు ఇద్దరం బయల్దేరాం.

కొంపల్లి నుంచి కండ్లకోయ దాకా ఆదివారం కూడా ట్రాఫిక్ నత్తనడకే. ఇక్కడ క్రూజ్ ఊసే వద్దు. మెల్లగా పాకే చోట ఈ బండి ఇంజన్ ఆపేసుకుని బ్యాటరీ మీద చప్పుడు లేకుండా పోతుంది. వేగం తగ్గినప్పుడు, దిగుడు వచ్చినప్పుడు చక్రాల నుంచే ఆ బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కుతుంది. ముందున్న తెర మీద బాణం గుర్తులు ఎటు తిరిగితే అటు శక్తి పోతున్నట్టు లెక్క. చిన్నపిల్లలా ఆ బాణాలనే చూస్తూ కూర్చున్నాను.

మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే మైలేజీ మీటరు సున్నా చేశాను. మొదటి విడత బాపుది, ఆయన పద్ధతిలోనే. అక్కడి నుంచి శామీర్‌పేట దిగే చోటుకు పదీ పదకొండు కిలోమీటర్లుంటుంది. పావుగంట కూడా పట్టదు. టోల్ ముప్పై రూపాయల చుట్టుపక్కల ఫాస్టాగ్‌లో పోయింది. బాపు చాలా శ్రద్ధగా నడిపాడు. ఎక్కుడులో బలంగా తొక్కుతాడు, దిగుడు రాగానే కాలు తీసేస్తాడు. శామీర్‌పేటలో దిగి చూస్తే మీటరు పదిహేడు దగ్గరే నిలబడి ఉంది. "జెప్పిన్నా లేదా?" అన్నాడు బాపు, గెలిచినవాడిలా. నేను పదిహేడుతో నెల ఖర్చు ఇంకోసారి లెక్కేసుకున్నాను.

వెనక్కి వచ్చేటప్పుడు స్టీరింగ్ నేను తీసుకున్నాను. ఎడమ వరసలో ఎనభైకి క్రూజ్ పెట్టి కాలు తీసేశాను. మొదట భయమేసింది, తర్వాత భలే హాయిగా అనిపించింది. బండి ఎక్కుడులో ఎంత కావాలో అంతే పెట్రోలు తాగుతోంది. మనలాగా తొందరపడి తొక్కడం, అయ్యో అని వదిలెయ్యడం లేదు. మీటరు పైకి పోతుంటే నాలో ఆశ కూడా పైకి పోయింది. ఇంతలో ఒక దిగుడు దగ్గర క్రూజ్ దానంతట అదే ఆగిపోయింది. తెర మీద బాణాలు కూడా మాయం. బండి చెడిపోయిందా ఏమిటి ఖర్మ అని గేరు వైపు చూద్దును కదా, లివరు మీద బాపు చెయ్యి!

"బాపూ! ఏం జేస్తున్నవ్?"

"దిగుడొచ్చింది కద బిడ్డా. న్యూట్రల్ కొట్టిన."

"నడిపేది నేనైతే నువ్వు కొట్టుడేంది?"

బాపు చేతిని వెనక్కి తీసుకుని తెల్లముఖం వేశాడు. "అలవాటైంది. నాకే ఎరుక లేదు" అన్నాడు మెల్లగా. లివరును మళ్లీ డ్రైవ్ గేరుకు, అంటే డి మీదికి లాగి క్రూజ్ పెట్టాను. తర్వాత బాపే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు జీపులో కూరగాయల గంపలేసుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయేవాడు. దిగుడొస్తే న్యూట్రల్ కొట్టి చమురు మిగిలించుకోవడం ఆ దారిన నడిపేవాళ్లందరికీ అలవాటు. "అట్ల మిగిలించిన డబ్బులతోనే నీకు పుస్తకాలు దెచ్చేటోన్ని" అన్నాడు. నా కోపం సగం అక్కడే చల్లారింది.

విషయం మాత్రం అప్పుడు వెలిగింది. ఈ బండిని న్యూట్రల్‌లో పెడితే బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కదు. ఇందాక ఆయన నడిపినప్పుడూ ఇదే జరిగింది, మీటరు చూస్తూ నేనే గమనించలేదు. దిగుడు దిగుడుకూ ఊరికే వచ్చే శక్తిని బాపు పారబోస్తున్నాడు. తర్వాతి ఎక్కుడులో ఆ లోటంతా పెట్రోలే పూడుస్తోంది. పైగా అంత వేగంలో గేరు తీసేస్తే బండి మన చెప్పుచేతల్లో సరిగా ఉండదు. పొదుపు అనుకుని చేసిన పనే ఇన్నాళ్లూ ట్యాంకు ఖాళీ చేసింది. సంగతి వివరించాను. బాపు చాలాసేపు బాణాల వైపే చూశాడు. "గట్లైతే మళ్ల పోదాం పా. నా చెయ్యి నా కాడనే ఉంటది" అన్నాడు.

మేడ్చల్‌లో తిరిగి, మీటరు మళ్లీ సున్నా చేసి, బాపు నడిపిన దారినే ఎనభై మీద క్రూజ్ పెట్టాను. ఏసీ కూడా ముందున్నట్టే ఉంచాను. ఒక్కొక్క దిగుడు రాగానే బాణాలు బ్యాటరీ వైపు తిరుగుతున్నాయి. పక్కకు చూస్తే బాపు తన కుడి చేతిని తొడ కింద పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. శామీర్‌పేటలో మీటరు ఇరవై నాలుగు చూపించింది. "అరె!" అన్నాడు బాపు.

శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు వేయించే ఒకామె బండి ముందు ఆగాం. పన్నెండు కావస్తోంది. బొచ్చె ముక్కలు పెనం మీద చుయ్యిమంటున్నాయి. ఆగలేక బాపు ఆమెకు క్రూజ్ సంగతంతా చెప్పేశాడు, తనే కనిపెట్టినట్టు.

"కాలు పెట్టకుంటనే పోతదా పెద్దయ్యా? మరి బర్రె అడ్డమొస్తే?" అంది ఆమె ముక్కలు తిప్పుతూ.

"బర్రెకు బ్రేకు మనమే కొట్టాలె" అన్నాడు బాపు.

ఆమె అన్నదీ నిజమే. కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద ఊళ్లు, మలుపులు, అడ్డంగా వచ్చే బండ్లు ఎక్కువ. అక్కడ క్రూజ్ తీసెయ్యాల్సిందే. ఆ దారిలో కాలేజీ దాకా పోతే ఇరవై నాలుగు రాదు, నాకు తెలుసు. ఇరవై దాటితే చాలు నాకు. చేతులు కడుక్కుని ఓనరమ్మకు ఫోన్ చేసి గది వద్దన్నాను. తర్వాత ఇంటికి చేశాను.

"గది ఖాయమైందా అమ్మా?" అంది మా అమ్మాయి. గొంతులో ఏమీ వినపడనివ్వకుండా అడిగింది.

"వద్దన్న. రాత్రికి దోసెల పిండి తీసి బయట పెట్టు."

"రేపు రాత్రికి?" అంది.

"రేపు రాత్రికి నువ్వేమంటే అదే."

ఒక మీట నొక్కితే మైలేజీ పెరిగిపోతుందనుకుని బయల్దేరాను. మీట చేసింది కొంతే. స్థిరమైన వేగం ఈ బండికి బాగా నచ్చుతుంది, నిజమే. కానీ ఒకప్పటి జీపుకు సరిపోయిన అలవాటు ఈ బండికి చేటు చేస్తోందని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. అది చెడ్డ అలవాటేమీ కాదు, ఒకప్పుడు నన్ను చదివించింది కూడా. అందుకే మీరు ఇలాంటి బండితో ఈ దారిన వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఖాళీగా ఉన్న ఔటర్ మీద ఎనభైకి క్రూజ్ పెట్టండి, వాన పడితేనో బండ్లు పెరిగితేనో తీసెయ్యండి, దిగుడు ఎంత ఊరించినా లివరును డి మీద నుంచి కదపకండి. ఆ మధ్యాహ్నం బాపును ఊళ్లో దింపినప్పుడు ఆయన నాకు చెప్పిందీ ఇదే. తాళంచెవి నా చేతిలో పెట్టి, "దిగుడొచ్చినప్పుడల్ల నన్ను యాది జేస్కో బిడ్డా. చెయ్యి మాత్రం పెట్టకు" అన్నాడు.