ఫ్రిజ్జులో టైమరు

ఆ రోజుల్లో ఒంటరితనం అనే మాట నాకు తట్టేది కాదు, నెట్‌వర్క్ బాగాలేదనుకునేవాణ్ణి. కొత్త ఉద్యోగం. ఎక్కడినుంచైనా పని చేసుకోవచ్చన్నారని బద్వేలులో మేడ మీద ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నాను. నాతో ఉన్న స్నేహితుడు పెళ్లి చేసుకుని కడపకు మారిపోయాక, రోజు మొత్తంలో నాతో మాట్లాడేది బెంగళూరులోని మా టీమ్ లీడర్ ఒక్కడే. ఆయన కూడా ఎక్కువగా "నా మాట వినిపిస్తోందా?" అనే అడిగేవాడు. (వినిపిస్తోందని చెప్పడానికి నేను గొంతు సవరించుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి.)

పొలాల్లో మోటార్లను వేళకు ఆన్ చేసి ఆపే అరచేయంత కంప్యూటర్ బోర్డు ఒకటి తయారుచేస్తున్నాం. దాన్ని లోపలినుంచి నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ అంటారు. అందులో టైమరు తప్పు చూపకుండా చూడటం నా వంతు. బెంగళూరులో బుద్ధిగా ఉండే టైమరు నా గదిలో మాత్రం రోజూ వెనకబడేది. "మా దగ్గర బాగానే ఉందే! నీ కోడులోనే ఏదో ఉంది. శుక్రవారానికి తేల్చకపోతే వేరేవాళ్లకిస్తా" అన్నాడు లీడర్. పని పోతుందన్న దిగులు కంటే, ఆ ఒక్క గొంతూ పోతుందన్న దిగులే ఎక్కువైంది నాకు.

బోర్డులో కాలాన్ని లెక్కపెట్టే చిన్న స్ఫటికం ఉంటుంది. అది మా ఎండకు నెమ్మదిస్తోందని నా అనుమానం. చల్లబెట్టి చూద్దామంటే నాకు ఫ్రిజ్జు లేదు. కింద ఉండే ఇంటి ఓనరమ్మను వీధంతా ఖాలా అని, అంటే ఉర్దూలో పిన్ని అని, పిలిచేది. ధైర్యం చేసి, బోర్డు పట్టుకుని ఆమె తలుపు తట్టాను.

"ఖాలా, దీన్ని మీ ఫ్రిజ్జులో పెట్టుకోవచ్చా?"

"యాడ పెడతావప్పా? పెరుగుండాది, పిండుండాది. బయటుంటే పాడైపోతాదా ఇది?"

"పాడవదు ఖాలా, వెనకబడతాది."

ఆమె నా వైపు జాలిగా చూసి పిండిగిన్నె పక్కకు జరిపింది.

పొడవాటి వైరు కిటికీలోంచి పైకి లాగి, టైమరు నడకను తెర మీద చూపించే గ్రాఫు ముందు కూర్చున్నాను. తీరా చూస్తే చలిలో కూడా టైమరు వెనకబడింది! కానీ ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా లోపల కాస్త వేడెక్కి టైమరు తేరుకుంటోంది. అంటే ఎండ పడదు, చలీ పడదు, మధ్యస్థంగా ఉంటేనే దానికి సుఖం. ఆ గ్రాఫులో ఇంకొకటి కూడా కనబడింది. కింద మధ్యాహ్నం భోజనానికి తలుపు తీస్తే నాకు పైన తెలిసిపోయేది. 'ఇప్పుడు మజ్జిగ పోసుకుంటున్నారు' అనుకుని నేనూ పెరుగు ప్యాకెట్ చింపి, తెర ముందే అన్నం తినేవాణ్ణి. అది ఖాలా వాళ్లతో పంక్తిలో కూర్చున్నట్టే ఉండేది.

మీటింగులో గ్రాఫు చూపించాను. "మధ్యాహ్నం ఈ ఎగుడుదిగుళ్లేంటి?" అన్నాడు లీడర్.

"చుట్టాలొచ్చారు సార్."

"నీకా?"

"ఫ్రిజ్జుకి సార్."

అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు ఆగాక సంగతంతా చెప్పాను. కెర్నెలే వేడిని కొలిచి, ఆ మేరకు టైమరును సరిదిద్దుకునేలా రాయమన్నాడు లీడర్. రాశాను. రేకుల కింద కూడా టైమరు కుదురుగా నడిచింది.

ఖాలా ఫ్రిజ్జులో పని తీరిపోయినా బోర్డు మాత్రం తీయలేదు. "ఇంకా చూడాల ఖాలా" అంటూ రోజూ దిగేవాణ్ణి. చివరికి ఆమే దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "మామిడిపండ్లకు జాగా కావాలప్పా. నువ్వు మాత్రం వస్తాండు. కూర్చుని మాట్లాడేదానికి మిషను దేనికి?"

మరుసటి రోజు మెట్ల మీద శానాసేపు నిలబడ్డాను. ఏ సాకూ దొరకలేదు. కిందికి దిగి, "ఖాలా, కొళాయిలో నీళ్లు బాగా వస్తున్నాయి" అని చెప్పాను.

"శానా మంచి మాట చెప్పినావు. కూర్చో" అంది ఆమె.

ఆ మెట్ల మీది కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వు ఆగాక, కాసేపు వాడి పక్కన కూర్చోవాలనిపిస్తుంది.