దూడ పంగు

నా చిన్నప్పుడు ధర్మం అంటే ఏమిటో నాకు మా అవ్వ నేర్పింది, ఆవు పక్కన కూర్చోబెట్టి.

తమిళనాట పాలక్కోడు దగ్గర మాది చిన్న ఊరు. ఇంట్లో ఆవులు ఉండేవి. అమ్మ తెల్లవారకముందే చేనికి పోయేది కాబట్టి పేడ తీయడం, గడ్డి వేయడం, ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పాలు పిండడం కూడా నా పనే అయింది. దూడను విడిచి, ఆవు పాలు చేపాక దాన్ని పక్కన కట్టేసి, నేను మూడు చన్నులే పిండాలి. నాలుగోదాని మీద చెయ్యి పడకూడదు. అది దూడ పంగు. వాటాను మా ఇళ్లలో పంగు అంటాం.

ఒకసారి ఎవరింట్లోనో విందు అని మా చిన్నాయన నాలుగూ పిండేశాడు. అవ్వ ఆయన చేతిలో చెంబు లాక్కొని, తన వేళ్లు దూడ నోట్లో పెట్టి చప్పరింపజేస్తూ ఆ పాలన్నీ దానికే తాగించింది. "నోరు లేని దాని పంగు తింటే అరుగుతుందారా నీకు?" అని వీధిలో అందరూ వినేలా తిట్టింది. ఇంతటి అవ్వ ఎవరికీ ఉండదనుకున్నాను.

ఆ ఏడే ఊరి బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. మా తమ్ముడు అప్పటికే బడికి పోతున్నాడు. నన్ను కూడా పంపమని తమిళంలో అడిగింది. అవ్వ ఆమెకు కాచిన పాలు ఇచ్చి, చాప వేసి, అంతా మర్యాదగా విన్నది. ఇది బడికి పోతే ఆవులను చూసేదెవరు అన్నది. టీచరమ్మ లేవలేదు. రోజంతా వద్దు, మధ్యాహ్నం దాకా పంపినా చాలు, నేను చూసుకుంటానన్నది. అమ్మ తలుపు చాటున నిలబడి వింటోంది.

అవ్వ ఒప్పుకుంటుందనే అనుకున్నాను. అవ్వ నేర్పిన లెక్కే కదా అని ధైర్యంగా అడిగాను.

"దూడకు ఒక చన్ను విడుస్తావు గదా అవ్వా, నాకు ఒక పూట విడవరాదా?"

చిన్నాయన పగలబడి నవ్వాడు. "చూడండి, మా ఇంట్లో దూడ మాట్లాడతా ఉండాది!" అన్నాడు. తమ్ముడు నవ్వాడు. తెలుగు రాని టీచరమ్మ కూడా, అందరూ నవ్వుతున్నారని చిన్నగా నవ్వింది.

అవ్వ నవ్వలేదు. అంతదాకా తమిళంలో మెత్తగా మాట్లాడిన మనిషి నా వైపు తిరిగి తెలుగులో అన్నది: "అది అడగదు కాబట్టి పెట్టినానే. నువ్వు అడుగుతా ఉండావు. లేచి పో, గడ్డి వెయ్యి పో."

పోయి గడ్డి వేశాను. టీచరమ్మ మళ్లీ రాలేదు. అమ్మ ఆ రాత్రి నాకు ఒక ముద్ద ఎక్కువ పెట్టింది. తెల్లారి దూడ ఆ నాలుగో చన్ను కుడుస్తుంటే తోక ఊపుతూ ఎంత సంతోషంగా ఉండిందో! మొదటిసారి దాని మీద నాకు కడుపు మండింది.

తమిళ అక్షరాలు, ఆ తర్వాత తెలుగు అక్షరాలు అరవై దాటాక మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. తను చదివే బడిలో ఇప్పుడు వారానికొకసారి పిల్లలకు మంచి గుణాలు నేర్పే తరగతి ఉంది. పెద్దవాళ్లను పిలిచి మాట్లాడిస్తారు. పోయిన నెల నన్ను పిలిస్తే, అవ్వ దూడకు పాలు తాగించిన సంగతి చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మిగతాది చెప్పలేకపోయాను.

మా అవ్వ చెడ్డదని నేను అనలేను. మంచిదని చెప్పి అక్కడితో ఆపినప్పుడల్లా సగం దాచినట్టే అనిపిస్తుంది. ఎవరినైనా దయగల మనిషి అని పొగిడితే నేను వెంటనే తల ఊపను. వాళ్లింటి పిల్ల ఎదురుగా నిలబడి తనకేదో కావాలని అడిగేదాకా ఆగుతాను. అప్పుడు వాళ్ల ముఖం చూస్తాను.