చేసింది: శ్రీదుర్గ

కొండపల్లిలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే సుధామణి టీచర్‌కి ఒకటే జబ్బు. ఏ పని ఎవరు చేస్తే వాళ్ల పేరు ఆ వస్తువు మీదే రాసేయాలి. చేతిసంచిలో ఎర్ర రంగు సీసా, సన్న కుంచె ఎప్పుడూ సిద్ధం.

డిగ్రీలో అంటుకుందిది. ఉప్పునీటిని మంచినీరు చేసే పరికరం ఒకటి మూడు నెలలు కూర్చుని తయారుచేసింది. పేపర్లో ఫోటో వేసి, కింద తోటి కుర్రాడి పేరు పెట్టి ‘జయకృష్ణ, అతని పరికరం’ అన్నారు. పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ పిల్లకి, అంటే సుధామణికి, పేరే లేదు. ‘పోన్లెండి’ అనేసింది. ఇంటికెళ్తూ ఎర్ర రంగు కొనుక్కుంది, అంతే.

అప్పట్నుంచీ ఆమె గొడుగు మీద ‘కుట్టు: శౌరమ్మ’. ల్యాబులో బల్ల కాలికి ‘మేకు: నాని’. పవర్ స్టేషన్‌లో పనిచేసే మొగుడి క్యారేజీ మీద ‘వంట: రామకోటేశ్వరరావు’. అంత పేరూ గిన్నె చుట్టూ తిరిగి మళ్లీ మొదటికొచ్చింది.

“ఏంటే ఇది? డ్యూటీలో అందరూ చదువుతున్నారు!”

“వండింది మీరేగా?”

“వండాను, కాదన్లేదు. ఊరంతా తెలియాలా?”

“పదిహేనేళ్లు నేను వండితే ఏ ఊరికీ తెలియలేదు. ఇదైనా తెలియనివ్వండి.”

వారం తిరక్కుండా ఆయన పేరు కనపడేలా క్యారేజీ తిప్పిపెట్టుకుని మరీ తింటున్నాడని కబురొచ్చింది.

తొమ్మిదో తరగతి శ్రీదుర్గ బొమ్మలు చెక్కే వాళ్లింటి పిల్ల. బుడమేరు వాగు పొంగి నిద్రలో ఉన్న ఇళ్లు మునిగాక, దాని బుర్రలో ఒక గంట మోగింది. బొమ్మల పొణికి చెక్క నీళ్లలో తేలుతుంది కదా! చెక్క పైన ఒక తీగ, దానికి కాస్త ఎత్తులో బ్యాటరీ గంటకి కలిపిన ఇంకో తీగ పెట్టింది. నీళ్లు పెరిగితే చెక్క లేచి, దాని తీగ పైతీగకి తగిలి గంట కొడుతుంది.

హెడ్మాస్టరు వెంకటకృష్ణారావు గారు ముచ్చటపడ్డారు. “గన్నవరం సైన్సు పోటీకి దీన్ని తొమ్మిదో తరగతి హర్షవర్ధన్ పేరున పంపించానండీ. వాడైతే గడగడా మాట్లాడతాడు. ఆడపిల్లకి స్టేజీలూ అవీ ఎందుకండీ? సాయానికి రమ్మనండి.”

“పోన్లెండి టీచర్,” అంది శ్రీదుర్గ, కళ్లు నేలకేసి.

“పోన్లెండి అని నేనూ ఒకసారి ఊరుకున్నానే,” అంటూ టీచర్ రంగు సీసా మూత తీసింది. చెక్క మీద, సరిగ్గా తీగ చుట్టూ రాసింది: ‘చేసింది: శ్రీదుర్గ’.

గన్నవరంలో అది చూసి హెడ్మాస్టరు గారు అటూ ఇటూ చూశారు. గోకారు. పోలేదు. ఎవరూ చూడకుండా చెక్కని బోర్లించేశారు.

హర్షవర్ధన్ గడగడా మాట్లాడాడు. తొట్టిలో నీళ్లు పోశాడు. చెక్క లేచింది. గంట మోగలేదు. ఇంకో చెంబు పోశాడు. నీళ్లు పొర్లి జడ్జి మేడం చెప్పులు తడిశాయి.

“ఎందుకు మోగట్లేదు బాబూ?”

వాడు తల గోక్కున్నాడు. “నాకు తెలీదు మేడం. నాకు చెప్పడమే వచ్చు. చేసింది శ్రీదుర్గ. అదిగో, అట్టపెట్టె పట్టుకున్న అమ్మాయి.”

శ్రీదుర్గ వచ్చి చెక్కని తిరగేసింది. గంట హాలంతా మోగింది. నీళ్ల మీద ఎర్రగా దాని పేరు తేలింది. మేడం వంగి చదివి, చేతిలో కాగితం మీద పేరు కొట్టేసి దిద్దారు.

“అక్కడే రాయాలా టీచర్ గారూ?” హెడ్మాస్టరు గొణిగారు.

“అక్కడైతేనే, పేరు దాస్తే గంట మోగదండీ.”

తిరుగు బస్సులో టీచర్ కుంచె తీసింది. హెడ్మాస్టరు గారు కిటికీ వైపు జరిగారు. ‘బోర్లించింది: వెంకటకృష్ణారావు’ అని రాస్తే రేపు బళ్లో మొహం ఎలా చూపించడం? ఆమె తీరిగ్గా, ఆయన ఒళ్లోని అట్టపెట్టె మీద రాసింది: ‘బస్సుదాకా మోసింది: వెంకటకృష్ణారావు’.

ఆయన రెండుసార్లు చదువుకున్నారు. “ఇంటిపేరు కూడా పట్టేదండీ,” అన్నారు.

మీ ఊరి బడిలో, కాలేజీలో సైన్సు పోటీల జాబితా ఉంటుంది. రేపు వెళ్లి చదవండి. చేసిన పిల్ల పేరు అందులో లేకపోతే అడగండి, దిద్దించండి. ఎర్ర రంగు ఏ కొట్లోనైనా దొరుకుతుంది.