మోచేతి ఎత్తు మడి

టెలిగ్రాం ఇంగ్లీషులో వచ్చింది. అందులో పెద్దమ్మ అన్న మాట లేదు, ఆంటీ అని ఉంది. ఆ మాటతో నేనామెను ఎన్నడూ పిలవలేదు కనుక, పోయింది ఎవరో నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. విశాఖపట్నం హాస్టల్ వరండాలో ఆ కాగితం పట్టుకుని నిలబడి, కార్తీకం వెళ్ళిపోతోంది కదా, ధనియాలు చల్లిందో లేదో అనుకున్నాను. మర్నాడు రైలు దిగి అరకు ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. ధనియాలు మాత్రం చల్లే ఉన్నాయి. పోయే ముందు సాయంత్రమే చల్లిందట.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. విజయనగరం వైపు రైతుల ఇంట పుట్టి, కాఫీ తోటల ఆఫీసులో గుమస్తాగా ఉన్న పెదనాన్న వెంట కొండెక్కింది. పిల్లలు లేరు. క్వార్టరు వెనక ఏటవాలు జాగాని మళ్ళు చేసి వానాకాలం బెండ, ఆనప, చలికాలం చిక్కుడు, ముల్లంగి, కొత్తిమీర పండించేది. డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలో తోచక నేను వాళ్ళింట్లో ఒక ఏడాది ఉన్నాను. ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా ఆ ఏడాది సంగతే.

ఆ వానాకాలంలో పెద్దమ్మ ఆ ఏటవాలులోనే జారి పడింది. నడుం పట్టేసింది. ఇక వంగడం కుదరదని డాక్టరు చెప్పాడు. పెదనాన్న పెరటి గేటుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

"కూరలు సంతలో కొంటాను. నువ్వు కూకో," అన్నాడు.

పెద్దమ్మ కూర్చుంది. వంటింటి కిటికీలోంచి పెరడు కనబడుతుంది. గడ్డి ఆనపపాదును కమ్మేస్తుంటే చూస్తూ కూర్చుంది. ఆ నెలలో ఆమె తిండి తగ్గింది, మాట తగ్గింది. అంతవరకు తెల్లారకుండానే లేపి "ఏటే గుంటా, బేగి లే, వాన తగ్గింది" అని తరిమే మనిషి, పొద్దెక్కినా నా గది వైపు రావడం మానేసింది. నాకు భయం వేసింది. నడుం కంటే ఆ కూర్చోవడమే ఆమెను తీసుకుపోతుందేమో అనిపించింది.

కాస్త నడవగలిగాక ముగ్గురం డుంబ్రిగుడ సంతకి వెళ్ళాం. దారిలో కొండ చేలల్లో పిట్టల్ని, పందుల్ని తోలడానికి కట్టుకున్న మంచెలు కనిపిస్తాయి. బస్సు కిటికీలోంచి వాటినే చూస్తూ పెద్దమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ మంచె మీద మనిసి కూకుంటాడు గదా, మట్టి ఎందుకు కూకోదు?"

పెదనాన్న చేతిలోని టిక్కెట్లు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

"మిమ్మల్నే. వొంగకుండా సేత్తే తాళం తీత్తారా?"

"వొంగకుండా యవసాయం ఎక్కడుందే?"

"ఉంటే తీత్తారా, లేదా?"

బస్సులో వాళ్ళు వింటున్నారు. పెదనాన్న తీస్తానన్నాడు.

వెదుళ్ళు అమ్మే కొండ రైతు ఒకాయన వచ్చి మంచె కట్టాడు. పైన అడ్డాకులు పరిచి, బరువు తగ్గడానికి మట్టిలో చోడి, అంటే రాగుల పొట్టు, ఎండాకు కలిపి పోశారు. అయితే దగ్గరుండి కట్టించింది పెదనాన్న. ఆయన ఆరడుగుల మనిషి. గుంజ పక్కన నిలబడి తన నడుం దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు. మడి తయారయ్యాక చూస్తే పెద్దమ్మకు గుండెల దాకా వచ్చింది.

"బాగుంది. అలిసిపోతే గెడ్డం ఆన్సుకోవచ్చు," అంది ఆయన వినేలా.

వారం రోజులు చేతులెత్తే పని చేసింది. రాత్రి నా చేత భుజాలకి నూనె రాయించుకుంటూ, "మీ పెదనాన్నకి సెప్పకు. మళ్ళీ తాళం ఏసేస్తాడు," అనేది. తర్వాతి సంతలో గడ్డి చెక్కే బొరిగెలకి కర్రలు వేసే చోట ఆగిపోయింది. అక్కడ ఎవరికి పడితే వాళ్ళకి చేసి పెట్టిన కర్ర అమ్మరు. కొనేవాళ్ళని నిలబెట్టి, మోచెయ్యి మడవమని, అప్పుడు కోస్తారు. ఆ వెదుళ్ళాయన్ని వెతికి పట్టుకుంది.

"తమ్ముడూ, నా మడి కూడా ఇలాగే కొయ్యాలి. బాబుగారి కొలత బాబుగారికే ఉంచు."

మర్నాడు ఆయన వచ్చి, మోచేతికి బెత్తెడు కిందికి గుర్తు పెట్టి గుంజలు తెగ్గోశాడు. పెదనాన్న చూస్తూ నిలబడి, కాసేపటికి మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

అప్పట్నుంచి పోయేదాకా ఆమె వంగలేదు. మీ ఇళ్ళలో నడుం పట్టేసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళకీ పనికొస్తాయని ఆమె పద్ధతులు కొన్ని చెబుతున్నాను. చలికాలం ఎదురు కొండ మీదికి ఎండ దిగందే పెరట్లోకి వెళ్ళేది కాదు, "సలిలో కీళ్ళకి కోపమెక్కువ" అనేది. గడ్డి వాన తగ్గిన మర్నాడే పీకేది. అప్పుడు రెండు వేళ్ళకే వచ్చేస్తుంది. "ఎండలో పీకితే గెడ్డి రాదు, నీ నడుం వొస్తది." చిక్కుళ్ళు పంగలకర్రతో వంచి కోసేది. నేను గబగబా అయిపోవాలని నీళ్ళ డబ్బా నిండుగా మోసుకొస్తే సగం ఒంపేయించేది. "డబ్బా పోతే ఇంకోటి కొంటాం. నడుం ఏ సంతలో అమ్ముతారే?"

పెద్దకర్మకి వచ్చిన చుట్టాల్లో ఒకాయన పెరడంతా తిరిగి చూసి, ఇంక దీన్ని ఎవరు చూస్తారు, ఎండిన వెదుళ్ళు, పొయ్యిలోకి బాగుంటాయి అన్నాడు.  పెదనాన్న లేచి వెళ్ళి సగం డబ్బా నీళ్ళు తెచ్చాడు.

మడి ఆయనకు తొడల దగ్గరికి వస్తుంది. వంగితే గాని అందదు. మడి ఒక చివర తడిపేసరికి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. గుంజల కింద రాళ్ళు పెట్టించి ఎత్తు చేయిద్దామా అని అడిగాను.

"ఒద్దమ్మా," అన్నాడు. "అది మీ పెద్దమ్మ ఎత్తు."

ఆమె మోచేతులు ఆన్చిన చోట అంచు వెదురు నున్నబడి, మంచు తడికి మెరుస్తోంది. ఆయన డబ్బాని దాని మీద పెట్టలేదు. నేల మీద దించి, మళ్ళీ వంగి, అప్పుడే మట్టిని పగలగొట్టుకుని లేస్తున్న కొత్తిమీర మీదికి చేత్తో నీళ్ళు చిలకరించాడు.